తప్పంతా తేమదే

లోకంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా మా మేనత్తకి దోషి ఒక్కటే. తేమ.

ఆవిడ టైల్స్ ఫ్యాక్టరీలో మట్టిపొడి విభాగానికి పెద్ద. నేను అక్కడే బట్టీ దగ్గర పని చేసేవాణ్ణి. ఇంట్లో తాళం తిరగకపోతే తేమ. గడియారం వెనకబడితే తేమ. మామయ్య పెళ్లిరోజు మరిచిపోతే, క్యాలెండరున్న గోడ చెమ్మగిల్లిందని ఆవిడే సర్దిచెప్పింది. చిన్నప్పుడు నేను లెక్కల్లో తప్పితే నాన్న బెత్తం తీశాడు. అత్తయ్య నా జవాబుపత్రాన్ని చెంపకి ఆనించుకుని చూసింది.

"కాగితం మెత్తబడింది అన్నయ్యా. అంకెలు ఎలా నిలుస్తాయి?"

నాన్న బెత్తం దించేశాడు.

పొడి దగ్గర మాత్రం ఆవిణ్ణి చూసి నవ్వలేం. గుప్పెడు తీసి పిడికిలి బిగిస్తుంది. విప్పి చూస్తుంది. తేమ చాలకపోతే రేణువులు ఒకదాన్నొకటి పలకరించవు, టైలు అంచులు రాలతాయి. ఎక్కువైతే అచ్చుని వదలవు. ఆ రెంటి మధ్యా ఉన్నది వెంట్రుకవాసి చోటు. పొడిని అక్కడ నిలబెట్టి తను తప్పుకుంటుంది. పొడి మీదికి ప్రెస్సు దిగుతుంది. ఊదితే ఎగిరిపోయేది పలకై బయటికొస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు వింతగానే ఉండేది.

ఒక మధ్యాహ్నం టైళ్లు పొరలుపొరలుగా విడిపోయాయి. ప్రెస్సు మీద ఉన్నది కొత్తగా చేరినతను. ముందు మెల్లగా నొక్కి లోపలి గాలిని వదలాలి. తొందరలో అతను అది మానేసి ఒకేసారి గట్టిగా దింపాడు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఇంకోసారి సరుకు పాడుచేస్తే ఇంటికి పంపిస్తానని యజమాని అతనికి అంతకుముందే చెప్పి ఉన్నాడు.

యజమాని ఈసారి తేమ కొలిచే మీటరు పట్టుకునే వచ్చాడు.

"తేమ సరిగ్గానే ఉందమ్మా. ప్రెస్సు మీద ఎవరున్నారో చెప్పండి."

కొత్తతని మొహం పాలిపోయింది. అత్తయ్య మీటరు అందుకుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"మీటరుకే తేమ పట్టింది బాబూ."

యజమాని ఆవిణ్ణి చూశాడు. కొత్తతన్ని చూశాడు. మీసం కింద నవ్వు కదిలింది.

"అయితే ఎండలో పెట్టండి," అని వెళ్లిపోయాడు.

ఇన్నేళ్లలో ఆవిడ ఏ తప్పుకీ ఒక మనిషి పేరు పెట్టలేదని నాకు అప్పుడు తట్టింది.

మొదటి నొక్కు ఎంత మెల్లగా ఉండాలో అత్తయ్య అతనికి చేత్తో చూపించింది. ఇంకా కాల్చలేదు కాబట్టి విరిగినవన్నీ మళ్లీ పొడి చేసుకోవచ్చంది. అతని కళ్లు నిండాయి.

"ఏడవాలంటే అవతలికెళ్లు నాయనా," అంది, పొడి తొట్టికి మూత వేస్తూ. "ఇక్కడ తేమ పెరుగుతుంది."