పెద్దమ్మ ఇంటిపేరు

మొన్న గురువారం పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అవ్వ పోయింది" అన్నాడు. వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, ఆయాసంగా ఉందని అరుగు మీద కూర్చుందట. పక్కింటావిడ పలకరించేసరికి గోడకు ఒరిగి ఉందట, నిద్రపోయినట్టు. నేను కరీంనగర్ నుంచి కోరుట్ల బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో ఊరు చేరేసరికి వాకిలి నిండా జనం. అందులో సగం మంది ఎవరో నాకు తెలియదు. పెద్దమ్మకు ఇంతమంది చుట్టాలా అనుకున్నాను. చుట్టాలు కారని తరవాత తెలిసింది. అది చివర్లో చెబుతాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు తోడబుట్టిన అక్క. మా దిక్కు తల్లిని అవ్వ అంటారు. తమ్ముడు ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఆమె పేరు ఇక్కడ రాయను. పెద్దవాళ్లను పేరుపెట్టి చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. అది ఇంటిపేరు లేని ఒక్క మాట పేరు అని మాత్రం చెప్పాలి. ఆ ఒక్క మాట వల్లే ఆమె ఎంత తిప్పలు పడిందో చెప్పకపోతే ఆమె గురించి చెప్పినట్టే కాదు.

బీడీలు చేసి బతికింది. ఆమె భర్త, మా పెద్దబాపు, మగ్గాల పనికని మహారాష్ట్రలోని భీవండి వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నప్పుడు తమ్ముడు ఇంకా పాకుతున్నాడు. ఆ రోజునుంచి ఆయన ఇంటిపేరు ఆమె నోట నేను వినలేదు. ఏ కార్డు చూసినా ఆమెది ఒక్క మాట పేరే. ఎవరైనా ఇంటిపేరు అడిగితే, "ఇల్లే లేదు, ఇంటికి పేరేంది?" అని నవ్వేసేది. తమ్ముణ్ణి బడిలో వేసినప్పుడు మాత్రం సారు తండ్రి ఇంటిపేరే రాసుకున్నాడు. ఆమె అడ్డు చెప్పలేదు.

బీడీల చాట ఒళ్లో పెట్టుకుంటే చేతులు వాటంతట అవే ఆకు చుట్టేవి, నోరు మనతో మాట్లాడుతుండేది. నేను డిగ్రీ పరీక్షలకు చదువుకుంటుంటే పక్కనే కూర్చుని, "పైకి సదువు బిడ్డా, నేను గూడ ఇంట" అనేది. ఎవరు ఊరికి బయలుదేరినా ఆమె అడిగేది ఒక్కటే: "మల్ల వచ్చే బస్సు ఎన్నింటికో అడిగినవా?" పోయే బస్సు గురించి ఆమెకు ఎప్పుడూ ఫికర్ లేదు.

తమ్ముడు పెరిగి, మా దగ్గర అందరిలాగే దుబాయ్ వెళ్లాడు. బిల్డింగు పనిలో సెంట్రింగు మీదనుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది. నడుము దెబ్బతిని కాళ్లు కదలడం మానేశాయి. కంపెనీవాళ్లు ఆసుపత్రిలో పెట్టి వైద్యం చేయిస్తూనే ఉన్నారు. డాక్టర్లు కూడా ఆశ ఉందనే చెప్పారు. ఆశ లేనిది వాడికే. ముందు ఫోన్ ఎత్తడం మానేశాడు, తరవాత తిండి మానేశాడు. దెబ్బ తగలకముందు వాడితో ఒకే గదిలో ఉన్న నిర్మల్ ఊరి దోస్తు ఒకరోజు పెద్దమ్మకు ఫోన్ చేశాడు.

"అవ్వా, వాడు గోడ దిక్కు మొకం పెట్టి పండుకుంటుండు. ఎవలు చెప్పినా ఇంటలేడు. ఇంటికి పోదాం రా అంటె, గిట్ల ఎట్ల పోత, అవ్వకు బరువైత అంటుండు. నువ్వు వస్తె లేస్తడేమో."

పెద్దమ్మ ఏడవలేదు. ఫోన్ నా చేతికిచ్చి, "దుబాయ్ పోవాల్నంటె ఏమేం గావాలె బిడ్డా?" అంది. అప్పటిదాకా ఆమె చూసిన దూరదేశం వేములవాడ.

పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాం. వేలిముద్రలు తీసుకునేచోట ఆమె వేలిగీతలు యంత్రానికి చిక్కలేదు. తడి గుడ్డతో తుడిచినా, గట్టిగా అదిమినా తెర మీద మసకే. అక్కడి కుర్రవాడు విసుక్కోకుండా, "ఏం పని జేస్తవమ్మా?" అని అడిగాడు.

"బీడీలు జేసిన కొడుకా. గీతలన్ని ఆకులకే అంటినయి."

అతను లేచి వచ్చి, ఆమె బొటనవేలు తన చేత్తో పట్టుకుని మెల్లగా దొర్లించాడు. చివరికి ఎలాగో పడింది. బయటికి వచ్చాక ఆమె వేలు చూసుకుంటూ, "ఇంక జరంత మిగిలింది" అని నవ్వింది.

పాస్‌పోర్టు వచ్చింది. మేమిద్దరం సంబరంగా కరీంనగర్‌లో టికెట్ల దుకాణానికి వెళ్లాం. ఆ దుకాణదారు మొదటి పేజీ చూసి, మళ్లీ చూసి, పాస్‌పోర్టు బల్ల మీద పెట్టేశాడు.

"ఇంటిపేరు లేదు మేడం. ఒక్క మాట పేరుంటె దుబాయ్‌వాళ్లు విజిట్ వీసా ఇస్తలేరు. వీసా వచ్చినా విమానం ఎక్కనియ్యరు. ఇంటిపేరు ఎక్కించి మల్ల తీసుకోవాలె."

మళ్లీ మొదటికి వచ్చాం. అక్కడ తమ్ముడు ముద్ద ముట్టడం లేదు, ఇక్కడ మేము పేరు కోసం తిరగాలి. అదే దుకాణంలో కూర్చున్న ఒకతను మా మాటలు విని దగ్గరికి జరిగాడు. తనకు తెలిసినవాళ్లున్నారనీ, ఇండ్లలో పనికని చూపించి పంపే దారి ఉందనీ, అన్నీ తాను చూసుకుంటాననీ చెప్పాడు. నా మనసు ఊగింది. పెద్దమ్మ ఊగలేదు.

"నేను పనికి పోతలేను సారూ, కొడుకు కాడికి పోతున్న. ఏది నిజమో గదే రాయాలె. అబద్ధం జెప్పి పోతె, ఆడ ఎవలన్న అడిగినప్పుడు ఏం జెప్పిన్నో నాకు యాదికుండదు."

ముందు ఆధార్‌లో ఇంటిపేరు ఎక్కించాలన్నారు. మీసేవలో కుర్చీలో ఉన్న అమ్మాయి, "ఏం పెట్టాలె అమ్మా? మీ ఆయనదా, తల్లిగారింటిదా?" అని అడిగింది. నేను గబగబా, "మా తాతగారిది పెట్టిద్దాం పెద్దమ్మా, అది నీదే కదా" అన్నాను. ఆమె లేచి బయటికి వెళ్లింది. కుండలో నీళ్లు ముంచుకుని తాగింది. రోడ్డు మీద పోయే బండ్లను చూస్తూ కాసేపు నిలబడింది. నేను వెనకే వెళ్లాను.

"బిడ్డా, నా కొడుకు పాస్‌పోర్టు మీద ఏ ఇంటిపేరుంది?" అని అడిగింది.

"పెద్దబాపుదే."

"గదే రాయుమను."

"నీకిష్టం లేకపోతే వద్దు పెద్దమ్మా. తాతదైనా నడుస్తది."

"అది ఆయన పేరని నేనెందుకు అనుకోవాలె? ఆయన ఇల్లిడిచి పోయి ఎన్నేండ్లాయె. ఆ పేరును ఇన్నేండ్లు మోసింది నా కొడుకు. వాని ఇంటిపేరు నేను పెట్టుకుంట. తండ్రి పేరు కొడుకు పెట్టుకుంటె తప్పు లేదు, కొడుకు పేరు తల్లి పెట్టుకుంటె తప్పా?"

లోపలికి వచ్చి ఆ ఇంటిపేరు తానే చెప్పింది. ఆ అమ్మాయి రాసింది సరిగ్గా ఉందో లేదో చూడమని నాకు రెండుసార్లు చెప్పింది.

కొత్త పాస్‌పోర్టు వచ్చింది, దాని మీద వీసా వచ్చింది. శంషాబాద్ విమానాశ్రయంలో లోపలికి నన్ను రానివ్వరు కదా. అద్దాల అవతల ఆమె కొంగు భుజం చుట్టూ లాక్కుని పోతుంటే నాకు భయమేసింది. లోపల జరిగింది ఆమె తిరిగొచ్చాక చెప్పింది. ముద్ర వేసే దగ్గర ఉన్నది ఆడ అధికారి. "ఒక్కదానివే ఎందుకు పోతున్నవు? ఇండ్లల్ల పనికి తీస్కపోతుండ్రా? భయపడకు, నాకు చెప్పు" అని గుచ్చి గుచ్చి అడిగిందట. అలా మోసపోయి వెళ్లే ఆడవాళ్లుంటారు కాబట్టి అడగడం ఆమె బాధ్యత. పెద్దమ్మ ఆసుపత్రి కాగితం, తమ్ముడి పాస్‌పోర్టు నకలు, తిరుగు టికెట్టు ముందు పెట్టింది.

"మల్ల ఎప్పుడొస్తవు?"

"టికెట్టు మీద రాసిన్నాడు వస్త బిడ్డా. వాన్ని తోల్కొనే వస్త."

ఆ అధికారి రెండు పాస్‌పోర్టుల మీది పేర్లు పక్కపక్కన పెట్టి చూసి, ముద్ర వేసి, "మంచిగ పోయి రా అమ్మా" అందట. దుబాయ్‌లో దిగాక కంటి ఫొటో తీసేవాడు కండ్లు పెద్దగా తెరవమని సైగ చేశాడట. "కొడుకును చూడనీకి వచ్చిన కండ్లు, ఇంకెంత తెరువాలె?" అని చెప్పి చెప్పి నవ్వేది.

ఆసుపత్రిలో తమ్ముడు నిజంగానే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె వచ్చిందని నిర్మల్ దోస్తు చెబితే కూడా తిరగలేదు. పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని, పాస్‌పోర్టు తెరిచి, వాడి కళ్లముందు గోడకు ఆనించి పట్టుకుంది.

"సదువు. నాకు రాదు గద. ఏం రాసుందో సదువు."

వాడు చదివాడు. చాలాసేపు ఆ ఒక్క వరుసనే చూశాడట. చిన్నప్పటినుంచి ఆ పేరు ఇంట్లో పలకకూడదని తెలిసినవాడు. బడిలో హాజరు పిలిచినప్పుడల్లా, ఈ పేరు తల్లి వింటే ఎంత బాధపడేదో అనుకుని లోలోపల ముడుచుకున్నవాడు.

"అవ్వా, గీ పేరు పెట్టుకున్నవా?"

"నీ కాడికి రావాల్నంటె ఇంటిపేరు గావాలెనన్నరు. నీది పెట్టుకున్న. ఇప్పుడు చెప్పు, నువ్వు నాకు బరువెట్లయితవు? నీ పేరు మోసుకోనే ఇంత దూరం వచ్చిన గద."

తమ్ముడు ఇటు తిరిగాడు. ఆ పూట అన్నం తిన్నాడు. ఈ ముక్క నాకు చెప్పింది తమ్ముడే. పెద్దమ్మ ఎప్పుడూ ఆ రోజు సంగతి "తిన్నడు" అన్న ఒక్క మాటతో దాటేసేది.

అక్కడ ఉన్నన్నాళ్లు దోస్తు గదిలో పచ్చిపులుసు కలిపి, అన్నం వండి తీసుకుపోయేది. ఆ గదిలో ఉన్న నలుగురూ ఆమె వంట తిన్నారు. కాళ్లకు కసరత్తు చేయించే నర్సు మలయాళీ అమ్మాయి. ఒకరి భాష ఒకరికి రాదు. ఆమె ఎలా వంచుతుందో చూసి పెద్దమ్మ అలాగే వంచేది. వీసా గడువు దగ్గర పడేసరికి తమ్ముడు కూర్చోగలుగుతున్నాడు, కుర్చీలో విమానం ఎక్కవచ్చని డాక్టర్లన్నారు. ఇంకొన్నాళ్లు ఉండిపొమ్మని, గడువు దాటినా ఎవరూ పట్టించుకోరని, మస్తు మంది అట్లనే ఉంటున్నారని కొందరు చెప్పారట.

"తలుపు కొట్టి వచ్చినం. చెప్పే పోవాలె" అంది పెద్దమ్మ. టికెట్టు మీద రాసిన రోజునే తమ్ముణ్ణి చక్రాల కుర్చీలో తోసుకుంటూ బయటికి వచ్చింది. అద్దాల ఇవతల నిలబడ్డ నన్ను చూసి ముందు అడిగింది, "కోరుట్ల బస్సు ఎన్నింటికి బిడ్డా?"

ఆ తరవాత కథ నెమ్మదైనది. పొద్దున, సాయంత్రం వాడి కాళ్లు వంచడం. కరీంనగర్ ఆసుపత్రికి తీసుకురావడం. వాడు విసిగి కేకలేస్తే ఆమె కూడా కేకలేసి, మళ్లీ కాళ్లు పట్టుకోవడం. ఒకరోజు వాడి కుడికాలి బొటనవేలు కదిలిందని నాకు ఫోన్ చేసి చెప్పిన గొంతు ఇంకా నా చెవిలో ఉంది. గోడ పట్టుకుని నిలబడ్డాడు. తరవాత చేతికర్రతో నడిచాడు. ఇప్పుడు కోరుట్లలో ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. కర్ర వాడితోనే ఉంటుంది, కానీ నడుస్తున్నాడు.

ఇక వాకిట్లో కనిపించిన ఆ తెలియని మనుషుల సంగతి. పెద్దమ్మ దుబాయ్ పోయి వచ్చాక చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, గల్ఫ్ దేశం పోయేముందు ఆమె దగ్గరికి వచ్చేవాళ్లట. ఆమెకు చదువు రాదు. వచ్చినవాళ్లనే పైకి చదవమనేది. "చూడనీకి పోయే వీసానా, పని జేసే వీసానా? నీ నోటితోని సదువు" అనేది. అలా చదివి, తనకిచ్చింది పని వీసా కాదని తెలుసుకుని ఆగిపోయిన ఒక అమ్మాయి పెద్దమ్మ పోయిన రోజు వచ్చింది. ఆ తరవాత సరైన కాగితాలతో మస్కట్ వెళ్లి, అక్కడ ఒక బడిలో ఆయాగా పనిచేస్తోంది. సెలవు మీద ఇంటికొచ్చి ఉంది. "పనిల ఏదన్న కష్టమైతె ఎవలికి చెప్పాల్నో పోకముందే అడుగుమన్నది అవ్వ. గది అడిగినంకనే పోయిన" అని నాతో చెప్పి కళ్లొత్తుకుంది.

మధ్యాహ్నం పాడె లేచింది. నిప్పుల కుండ పట్టుకుని ముందు నడవాల్సింది కొడుకు. దారి గతుకులదని, వేరే ఎవరైనా పడతారులే అని కులపెద్దలు అన్నారు. తమ్ముడు ఒప్పుకోలేదు. "నేనే పట్టుకుంట" అన్నాడు. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో కుండ. మొదట నాలుగడుగులు డప్పుల జోరుకు తగ్గట్టు వేయబోయి తూలాడు. అది చూసి డప్పులవాళ్లు దరువు తగ్గించారు. పాడె మోసేవాళ్లు భుజాలు మార్చుకుని ఆగారు. వాడు కర్ర ముందుకు వేసి, ఒక కాలు, ఆ తరవాత ఇంకో కాలు. వాడి అడుగు పడ్డాకే వెనక అడుగులు కదిలాయి. చేల మధ్య ఆ దారి పొడవునా ఎవరూ తొందరపడలేదు. ఊరంతా, పొరుగూళ్లనుంచి వచ్చినవాళ్లంతా, మా తమ్ముడి నడకే నడిచారు.