మేకు లేని చెప్పు

విజయనగరం బజారులో దుకాణమతను తోలు చుట్ట విప్పి బల్ల మీద పరచగానే ఆ వాసన గుప్పుమంది. నూనె పట్టించిన తోలు, పక్కనే మూత సరిగ్గా పెట్టని జిగురు డబ్బా, రెండూ కలిసిన వాసన. ముప్ఫై ఏళ్ళు దాటింది ఆ వాసన పీల్చి. ఆమదాలవలస స్టేషన్ దగ్గర జాకెట్లు కుట్టుకుంటూ, కొత్త బట్టల గంజి వాసనతోనే నా వయసంతా గడిచిపోయింది. "ఏటి కావాలమ్మా, బేగుకా, సోఫాకా?" అని అతను రెండుసార్లు అడిగాడు. నా బొటనవేలు దానంతటదే తోలు మీదికి వెళ్ళి నొక్కింది. చెవిలో పైడయ్య మేస్త్రి గొంతు. "నొక్కి సూడు పిల్లా. ముడత పడి మళ్ళీ సదురుకుంతే మంచి తోలు. ముడత ఉండిపోతే ఒగ్గీ."

పైడయ్య మేస్త్రి పేరు మీరెవరూ విని ఉండరు. మా ఊరికి కొంత దూరంలో ఒక కుష్టు ఆసుపత్రి ఉండేది. దాని వెనక రేకుల షెడ్డులో ఆయన చెప్పులు కుట్టేవాడు. ఆ జబ్బు నయమైనా, దెబ్బతిన్న నరాలు తిరిగి రావు. పాదానికి స్పర్శ ఉండదు. ముల్లు దిగినా, నిప్పు తొక్కినా మనిషికి తెలియదు. పుండు పడి, అది ముదిరి, చివరికి వేళ్ళు పోతాయి. అందుకని అటువంటి వాళ్ళకి మెత్తటి రబ్బరు అట్ట వేసి, తోలు పట్టీలు పెట్టి, ఒక్క మేకు కూడా కొట్టకుండా దారంతోనే చెప్పులు కుట్టాలి. మేస్త్రి కూడా ఒకప్పుడు ఆ ఆసుపత్రికి రోగిగా వచ్చినవాడే. చేతివేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. తోలుకి బెజ్జం చేసే ఆరెను పట్టుకోలేక, దాన్ని ఒక పట్టీతో అరచేతికి కట్టుకుని పనిచేసేవాడు.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, కుట్టుపని వచ్చిన ఆడపిల్ల కావాలంటే అక్కడ చేరాను. మాది వరీ నువ్వులూ పండించుకునే ఇల్లు. నాన్న ఏమీ అనలేదు గాని, మా వదిన మాత్రం మొదటి రోజు సాయంత్రమే నాకు వేరే కంచం, వేరే చెంబు పెట్టింది. "ఏటనుకోకు సత్తెవతీ. సంటిదున్నాది ఇంట్లో," అంది నా ముఖం చూడకుండా. ఆమె ఒళ్ళో నెలల పిల్ల. నేను తప్పు పట్టలేదు. కానీ ఆ చెంబు నా పెళ్ళయ్యేదాకా వేరేగానే ఉంది.

షెడ్డులో నా అసలు పని కుట్టడం కాదని త్వరలోనే అర్థమైంది. చెప్పు పూర్తవగానే మేస్త్రి దాన్ని నా ముందుకు తోసి, "సెయ్యెట్టు లోపల" అనేవాడు. పట్టీ లోపలి వైపు దారం ముడి గాని, జిగురు గడ్డగాని, అంచు గరుకుగాని తగులుతుందేమో నేను తడిమి చెప్పాలి. ఆయన వేళ్ళకి అది తెలియదు. చూపుతో వెతికేవాడు, వెలుతురుకి పట్టి తిప్పేవాడు, అయినా నా మాట వినేదాకా చెప్పు బల్ల దాటనిచ్చేవాడు కాదు. ఒకరోజు తొందరలో "బాగానే ఉన్నాది మేస్త్రీ" అనేశాను. ఆయన పని ఆపి, ముడుచుకున్న చేయి తిప్పి చూపించాడు. చూపుడువేలి పక్కన పాత కాలిన మచ్చ. "అన్నం గిన్ని దించుతుంతే కాలిపోనాది. నాకు తెల్లేదు. మాంసం వోసన వస్తంతే, పక్కింటోళ్ళు వండుకుంతన్నారు కాబోలనుకున్నాను." ఆయన మామూలుగానే అన్నాడు, "నొప్పి తెలీకపోతే సుకవనుకుంతారు జనం. నొప్పొకటి కాపలా ఉండాలమ్మీ మనిసికి. ఈళ్ళకది నేదు. నువ్వే ఉండాల." ఆ తరవాత ఎప్పుడూ తడమకుండా బాగుందని చెప్పలేదు. తరవాతి రోజుల్లో జాకెట్టు కుట్టినా లోపలి కుట్టు ఒకసారి నా చెంపకి రాసుకుని చూసుకునేదాన్ని. గిరాకీలు నవ్వేవాళ్ళు.

పాతపట్నం వైపు నుంచి ఒకమ్మాయి వచ్చేది. జబ్బు పూర్తిగా నయమైంది, ఎడమపాదానికే స్పర్శ లేదు. అందరికీ ఇచ్చినట్టే నల్లటి చెప్పులు, వెడల్పు పట్టీలవి, ఆమెకీ ఇచ్చాం. నెల తిరక్కుండా పుండుతో తిరిగొచ్చింది. చెప్పులు లేవు. డ్రెస్సింగ్ చేసే నర్సు గట్టిగా అడిగేసరికి ఏడ్చింది. "బస్సెక్కితే అందరూ ముందు నా కాళ్ళే సూస్తన్నారు. ఇవేసుకుంతే పెద్దరోగం మనిసని ఊరందరికీ దండోరా ఏసినట్టే గదా. బస్టాండులో ఒగ్గీసెల్లిపోనాను." నర్సు ఇంకేదో అనబోతుంటే మేస్త్రి చేయి అడ్డం పెట్టాడు. ఆ వారం ఆయన విజయనగరం వెళ్ళి చెప్పుల దుకాణాల ముందు రోజంతా నిలబడి వచ్చాడు. లోపలికి రానివ్వరేమోనని బయటి నుంచే అద్దాల్లోంచి చూశాడట. వచ్చి బొగ్గుతో నేల మీద ఒక పట్టీ గీశాడు, మధ్యలో చిన్న పువ్వు కోత. మొదటి జత పాడైంది. పువ్వు కోసిన చోట తోలు పలచబడి అంచు పదునుగా తేలింది, నా వేలికి తగిలింది. లోపల మెత్తటి మేకతోలు అస్తరు వేసి మళ్ళీ కుట్టాం. రంగు నలుపు కాదు, ఇటికరాయి ఎరుపు. ఆ అమ్మాయి వేసుకుని షెడ్డులో అటూ ఇటూ నడిచి, చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి తన కాళ్ళని తానే చూసుకుంది. ఆమె వెళ్ళాక మేస్త్రి అన్నాడు: "సెప్పు కాల్ని కాయాల గాని, మనిసిని పట్టియ్యకూడదు."

నా పెళ్ళయ్యాక రెండేళ్ళకి ఆ షెడ్డు మూసేశారని తెలిసింది. జబ్బు తగ్గిపోయింది, రోగులూ తగ్గారు. అది మంచి సంగతే. మేస్త్రి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒకసారి వెళ్ళి చూశాను. మేకల్ని కాసుకుంటున్నాడు, కాళ్ళకి తాను కుట్టుకున్న చెప్పులే. "ఇప్పుడేటి కుడతన్నావు?" అని అడిగాడు. జాకెట్లని చెప్పాను. "కుట్టుబడి మర్సిపోకపోతే సాలు" అన్నాడు. అదే ఆఖరి చూపు. ఆయన పోయిన కబురు ఎవరో రైలుకోసం ఎదురుచూస్తూ మా కొట్టు దగ్గర ఆగినప్పుడు, మాటల మధ్యలో చెప్పారు.

మళ్ళీ తోలు ముట్టుకునే అవసరం వస్తుందని నేననుకోలేదు. మా వదినకి చాలా ఏళ్ళుగా సుగరు. కిందటేడు కాలి కింద పుండు పడితే, తెలుసుకునేసరికి ఆలస్యమై బొటనవేలు తీసేశారు. శ్రీకాకుళం ఆసుపత్రికి దగ్గరని మా ఇంటికి వచ్చి ఉంది. గాయం మానాక డాక్టరుగారు, "మెత్తటి చెప్పు లేకుండా ఇంట్లో కూడా అడుగు వెయ్యొద్దు. మళ్ళీ పుండు పడితే పాదమే తియ్యాలి" అన్నారు. దుకాణంలో దొరికినవేవీ వేలు లేని పాదానికి నిలవలేదు, జారిపోయాయి. ఆ రాత్రి వదిన దిండు మీద తల తిప్పుకుని పడుకుంది. నేను మర్నాడు విజయనగరం బస్సెక్కాను.

చేతులు మాట వినలేదు. ఆరె జారి ఎడమచేతి బొటనవేలిలో దిగింది. కళ్ళజోడు పెట్టుకున్నా బెజ్జాలు వంకర పోయాయి. రెండు పట్టీలు పాడుచేశాక మూడోది కుదిరింది. నలుపు తోలు, వెడల్పు పట్టీలు, నాకు గుర్తున్న పద్ధతి అదే. గర్వంగానే తెచ్చి వదిన ముందు పెట్టాను. ఆమె చూసి కాళ్ళు చీరలోకి లాక్కుంది.

"ఇవి పెద్దరోగం సెప్పులు కావేటే? నానెయ్యను."

"పాదం పోతాది వదినా!"

"పోతే పోనీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగానే సర్దాను. ఆ వేరే చెంబు గుర్తొచ్చింది. నాలిక చివరిదాకా వచ్చిన మాట ఒకటుంది, అని ఉంటే ఆమె బతికినంతకాలం మరచిపోయేది కాదు. కాసేపటికి, బస్టాండులో చెప్పులు వదిలేసి వట్టి కాళ్ళతో వెళ్ళిన ఆ అమ్మాయి గుర్తొచ్చింది. చేతులు తుడుచుకుని బయటికి వచ్చి, "ఏ రంగు కావాలి వదినా?" అని అడిగాను. ఆమె కాళ్ళ మీద చీర సర్దుకుంది. తరవాత గోడవైపు చూస్తూ, "మెరూను దొరుకుతాదేటి?" అంది.

కొత్త జత వేసుకుని ఆమె మొదట వరండా దాకా, తరవాత వీధి చివర కిరాణా కొట్టు దాకా నడిచింది. అక్కడ ఎవరో "బాగున్నాయి, ఎక్కడ కొన్నావు?" అని అడిగితే, నేను పక్కనే ఉండగా, "విజినారంలో పెద్ద షాపులో" అని కళ్ళు ఆర్పకుండా చెప్పింది. నేను బియ్యం బస్తా వైపు తిరిగి నవ్వుకున్నాను. అంతకంటే పెద్ద మెప్పు నా కుట్టుకి ఎవరూ ఇవ్వలేదు.

అయితే వదినే గుట్టు దాచుకోలేకపోయింది. మొన్న మా వీధికి చేపలు తెచ్చే ఆవిడని చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. "ఈమెకీ సుగరే. కాలు సూడు సత్తెవతీ," అని చెప్పి తానే ముక్కాలిపీట వేసింది. ఆవిడ బుట్ట గుమ్మంలో దించి, ముడుచుకుని కూర్చుంది. కొలత కోసం నేను కాగితం పరచి, నేల మీద కూర్చుని, ఆమె మడమ కింద చేయి పెట్టబోతే గబుక్కున కాలు వెనక్కి లాక్కుంది.

"వొద్దప్పా. పెద్దదానివి, నా కాలట్టుకుంతావేటి? సేపల నీసు కూడాను."

పైడయ్య మేస్త్రి దగ్గరికి వచ్చినవాళ్ళు కూడా ఇలాగే కాళ్ళు వెనక్కి లాక్కునేవాళ్ళు. ఆయన ఏ ఒక్కరికీ నచ్చజెప్పింది లేదు. చేయి అలాగే చాపి ఉంచి, ఆ మనిషి తనంతట తాను పాదం తెచ్చి అందులో పెట్టేదాకా కూర్చునేవాడు. తోలు కోయడం, కుట్టడం నా చేతులు మధ్యలో మరచిపోయాయి గాని, ఈ కూర్చోవడం మాత్రం మరచిపోలేదు. చేయి చాపి కూర్చున్నాను. గుమ్మంలో బుట్ట మీద ఈగలు ముసురుతున్నాయి. వదిన వెళ్ళి విసనకర్రతో తోలుతోంది. కాసేపటికి ఆవిడ చీరచెంగుతో పాదం తుడుచుకుని, నెమ్మదిగా తెచ్చి నా అరచేతిలో పెట్టింది.