గేటు ఎప్పుడు వేయాలి

ఫౌజు నుంచి సుబేదారుగా రిటైరయ్యాక పటాన్‌చెరు దగ్గర ఒక ఇనుము కార్ఖానాలో సెక్యూరిటీ ఆఫీసరుగా చేరాను. ఇల్లు పటేల్‌గూడలో. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ వాడంతా చాటింది. అబద్ధమేమీ కాదు. కానీ గేటు దగ్గర మాత్రం నేను మహా నిదానం. ఆ నిదానం నాది కాదు, మా మేజర్ సాబు దగ్గర నేర్చుకున్నది.

ఈశాన్యం కొండల్లో మా పోస్టు ఒక ఊరికి పైన ఉండేది. ఒక పొద్దున ఊరి మగవాళ్లంతా కత్తులు పట్టుకుని పైకి వచ్చారు. వాళ్ల మాట మాకు రాదు, మా హిందీ వాళ్లకు రాదు. నా వేలు ట్రిగ్గర్ మీద ఉంది. మేజర్ సాబు టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఒక్కడే వెళ్లి దారి మధ్యలో రాయి మీద కూర్చున్నాడు. వాళ్లూ కూర్చున్నారు. ఎండెక్కేదాకా ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత లేచి, వచ్చిన దారినే దిగిపోయారు. ఎందుకొచ్చారు సాబ్ అని అడిగితే, "నాకూ తెలియదు. తెలియనప్పుడు కూర్చోవాలి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అధికారి అన్నాక తెలియాలి కదా! ఇప్పుడు ఆ ముఖాలు కలలోకి వస్తాయి. వాళ్ల కత్తుల కన్నా నా వేలంటేనే నాకు ఎక్కువ భయం.

కార్ఖానాలో ఒక జార్ఖండ్ కూలీ చనిపోయాడు. క్రేను గొలుసు తెగి, బరువంతా కాళ్ల మీద పడింది. షెడ్డులోనే ప్రాణం పోయింది. శవాన్ని వాళ్ల ఊరికి పంపారు. యాజమాన్యం ఇవ్వాల్సింది ఇచ్చింది, గొలుసు మార్చారు, పని మొదలైంది. అంతటితో అయిపోయిందనుకున్నాం.

కొన్ని వారాల తర్వాత, ఒక మధ్యాహ్నం, అతని తాలూకు మనుషులు గేటు ముందుకు వచ్చి నిలబడ్డారు. ఆడవాళ్లు కూడా ఉన్నారు. నినాదాలు లేవు, తిట్లు లేవు. పెద్దమనిషి చేతిలో రెండు ఇనుప ముక్కలు ఉన్నాయి, వెనక కుర్రాళ్ల చేతుల్లోనూ ఇనుమే. మా గార్డుది బొంతపల్లి. వాడు లోపలికి ఉరికొచ్చాడు.

"సార్, సేతులల్ల ఇనుము వట్టుకొచ్చిండ్రు. సూడుండ్రి జెర."

మేనేజరు పైనుంచి దిగి వచ్చాడు. "పోలీసులకు ఫోన్ చేయండి, ఆలస్యం దేనికి?" అన్నాడు.

"జెర ఆగుండ్రి సార్. ఏందో అడిగొస్త" అన్నాను నేను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు సార్? పోలీసోల్లే సూసుకుంటరు" అని గార్డు గొణిగాడు. నేను వినపడనట్టు చిన్న గేటు తీసుకుని బయటికి వెళ్లి, ఛాయ్ బండి పక్కన నేల మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఆ పెద్దమనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చనిపోయినవాడికి చిన్నాన్న. వచ్చీ రాని హిందీలో చెప్పాడు.

"పిల్లవాడు ఇంటికి రాలేదు."

శవం వెళ్లింది కదా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. వాళ్లలో, మట్టి చేశాక మనిషి నీడను పిలుచుకుని ఇంట్లోకి తెచ్చుకుంటారట. ఇనుముతో ఇనుమును కొట్టి, పేరు పెట్టి పిలుస్తారట. ఊళ్లో ఎంత పిలిచినా రాలేదు. అంటే పోయిన చోటే ఉండిపోయాడు. తీసుకుపోకపోతే ఎప్పటికీ ఆ షెడ్డులోనే.

నేను నవ్వలేకపోయాను. మా నాన్న పోయినప్పుడు పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టలేదని మా ఇంట్లో ఎంత ఏడ్చారో నాకు తెలుసు.

మేనేజరు ఒప్పుకోలేదు. "ఇనుముతో లోపలికా? ఏమైనా జరిగితే ఎవరిది బాధ్యత?" అన్నాడు.

"నాదే సార్. నౌకరి వోతె వోనియ్యి."

షెడ్డులో మిషన్లు ఆపించాను. ఆ నిశ్శబ్దాన్ని నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. చిన్నాన్న ఇనుము కొట్టి పిలిచాడు. రేకుల కప్పు ఆ పేరును తిరిగి మా మీదికే విసిరింది. మళ్లీ పిలిచాడు. ఏ జవాబు విన్నాడో ఏమో, తల ఊపి బయటికి నడిచాడు. అందరూ అతని వెంట నడిచారు, ఒక్కరూ వెనక్కి చూడలేదు.

గేటు దాటాక చిన్నాన్న నా దగ్గర ఆగాడు.

"వెంటనే మూయకండి సాబ్. వాడు వెనక వస్తున్నాడు. కాళ్లు నలిగాయి కదా, మెల్లగా వస్తాడు."

వాళ్లు మెయిన్ రోడ్డు వైపు మలుపు తిరిగి కనపడకుండా పోయారు. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. షెడ్డు నుంచి గేటు దాకా ఖాళీ సిమెంటు దారి, దాని మీద ఎండ. లోపల లోడు లారీలు హారన్లు కొడుతున్నాయి, గేటు వేసి ఉంటేనే పక్కన కాటా మీద ఒక్కోదాన్ని తూచి, ఆ తర్వాత గేటు తీసి వదలాలి. మేనేజరు కిటికీలోంచి చూస్తున్నాడు.

"ఏద్దామా సార్?" అన్నాడు గార్డు.

"ఆగు."

నలిగిన కాళ్లతో ఒక మనిషి ఆ దారి నడవడానికి ఎంతసేపు పడుతుంది? మేజర్ సాబు ఉంటే కూర్చునేవాడు. నేనూ అక్కడే కూర్చున్నాను. హారన్లు ఆగలేదు. మేనేజరు మళ్లీ దిగి వస్తున్నాడు.

"సార్, ఏయాల్నా ఒద్దా?"

"ఎయ్యి" అన్నాను.

ఆ పిల్లవాడు దాటాక వేయించానో, ఇంకా దారిలో ఉండగానే వేయించానో నాకు ఇప్పటికీ తెలియదు.