భాగ్యకు చెప్పని మాట

ఏడేండ్ల సంది ఒక అబద్ధాన్ని మోస్తున్న. ఎవరికీ చెప్పలే. నువ్వెవరో నాకు తెల్వది, నేనెవరో నీకు తెల్వది. అందుకే నీకు చెప్పబుద్ధయితున్నది.

భాగ్య నా భార్య. నేను బొగ్గుబాయిల పనిచేస్త, క్వార్టర్ల ఉంటం. ఆమె జాకెట్లు కుట్టేది. ఒకనాడు కుడిచెయ్యి తిమ్మిరెక్కి సూదిల దారం ఎక్కియ్యరాలే. తర్వాత ఒక కన్ను మసకబారింది. కరీంనగర్ల నరాల డాక్టర్ స్కానింగ్ చూసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నడు. రోగాలతోని కొట్లాడాల్సిన ఒంటి బలమే తిరగబడి సొంత నరాలను తింటదట. ఇంజెక్షన్లతోని కన్ను తేటపడ్డది. చెయ్యి సగం కోలుకున్నది. మనిషే కోలుకోలే. పొయ్యి ముందట కూసొని ఏడ్చేది. తల దువ్వుకోకపోయేది. బిడ్డ బడి నుంచి వచ్చినా మంచం దిగకపోయేది.

ఒకసారి చూపెట్ట పోయినప్పుడు డాక్టర్ ఆమెను బయట కూసోమని నన్ను ఆపిండు.

"ఈ రోగంల మనసు కూడ దెబ్బతింటది. ఆ ఏడుపు ఆమె తప్పు కాదు. మందులున్నయి, తగ్గుతది. ఈ చీటి తీస్కొని మనసు డాక్టర్ దగ్గరికి పోండ్రి. ఆమెకు నేను చెప్పాల్నా?"

"వద్దు సార్, భయపడ్తది. నేనే మెల్లగ చెప్త."

బయటికొచ్చిన. భాగ్య బెంచి మీదికెంచి లేచింది.

"ఏమన్నడు?"

"ఏం లేదట. నీకే మనసు గట్టిగ లేదన్నడు."

బస్టాండ్ల చీటి చింపేసిన. ఆయన మళ్ల అడుగుతడని దవాఖానే మార్చిన.

ఎందుకు చేసిన? పిచ్చి డాక్టర్ దగ్గరికి పోయిందంటరని భయపడ్డ. క్వార్టర్లు గోడకు గోడ. శానా దినాలు నాకు నేను గిదే చెప్పుకున్న. కని గది సగమే నిజం. అది రోగమైతే నేను ఓపిక పట్టాలె, అన్నం వండాలె, నోరు మూసుకోవాలె. అదే ఆమె గుణమైతే తిట్టొచ్చు. అప్పటికే తిట్టుడు నాకు అలవాటైంది. ఆ హక్కు పోగొట్టుకోబుద్ధి కాలే. ఇంకేం చెప్పాలె?

ఆమె నా మాట నమ్మింది. పక్కింటోళ్లకు "నా బుద్ధే మంచిగ లేదు" అని చెప్పుకున్నది. తమ్ముని పెండ్లికి కూడ పోలే, అందరి ముందట ఏడుస్తనేమోనని. పదకొండేండ్ల బిడ్డ ఒకరోజు తల్లితోని అచ్చం నా లెక్కనే అన్నది, "అవ్వా, నీకు మనసు గట్టిగ లేదు." నేను అక్కడ్నే ఉన్న. అన్నం తినుకుంట ఉన్న.

పోయినేడు మేం మారిన దవాఖానకు కొత్త డాక్టరమ్మ వచ్చింది. నన్ను చూడకుంట సీదా భాగ్యనే అడిగింది, "మనసు ఎట్ల ఉంటున్నదమ్మా?" భాగ్య అక్కడ్నే బోరున ఏడ్చింది.

"ఇన్నేండ్లల్ల ఎవరూ చెప్పలేదా?" అన్నది డాక్టరమ్మ, నా దిక్కు తిరిగి.

"ఎవరూ చెప్పలే మేడం."

మంచి మాట చెప్పిన ఆ పాత డాక్టర్ మీద గట్ల నింద వేసిన.

డాక్టరమ్మ రాసిచ్చిన గోలీలు మొదలైన మూడు నెలలకు భాగ్య లేచి తిరిగింది. జాకెట్లకు హుక్కులు కుడుతున్నది. టీవీ చూసుకుంట నవ్వుతున్నది. నాకు సంతోషం లేదా? ఉన్నది. కని ఆమె నవ్వినప్పుడల్లా, ఆరేండ్లు గీ నవ్వును ఆపింది నేనే గదా అని లోపల కాలుతది. మొన్న ఛాయ్ ఇచ్చుకుంట అన్నది, "నిన్ను శానా పరేషాన్ చేసిన. నన్ను మాఫ్ చెయ్యి."

నన్ను మాఫీ అడిగింది. నేనేమన్న? "గదంత ఇప్పుడెందుకు తియ్" అన్న. క్షమించినోని లెక్క.

ఆమెకు చెప్పాల్నా? చెప్తే అది ఆమె కోసమా, నా కోసమా? తెలుస్తలేదు. ధైర్యం కూడ లేదు. మనసు గట్టిగ లేనిది ఎవరికో ఇప్పుడన్న సమజైంది.

డాక్టర్ చెప్పిండు. నేను దాచిన. గీ రెండు మాటలు పక్కపక్కన పెట్టి రాసుడు గిదే మొదటిసారి. జర నిమ్మళంగ ఉన్నది. నిమ్మళంగ ఉన్నందుకు కూడ సిగ్గయితున్నది.