కిటికీ సీటు మీద తువ్వాలు

ఆ రోజుల్లో నేను మంచి కుర్రతనంలో ఉన్నాను. అరవై ఎనిమిదేళ్ళు. నవ్వకండి. అప్పటికి మోకాళ్ళు రెండూ నావే, పళ్ళు చాలావరకు నావే, కోతలైతే పూర్తిగా నావే. ఇప్పుడు వీధి చివరి దాకా వెళ్ళి పాలపాకెట్టు తెచ్చుకోవడమే నాకు విదేశీయానం. అప్పట్లో మాత్రం మా చోడవరం నుంచి బాలి దీవికి బయలుదేరిన బృందానికి సాక్షాత్తూ నేనే నాయకుణ్ణి. (నాయకుడు విజిల్ మాస్టారు. హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైనా మెళ్ళో విజిల్ తియ్యని మనిషి. నేను ఆయన పక్కన నడిచేవాణ్ణి. నిజం చెప్పాలంటే వెనక.) ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గోడ నీడలో కూర్చుని లోకాన్ని బాగుచేసే ముసలి బ్యాచ్ మాది. ఒక ఆదివారం లోకం ఎంతకీ బాగుపడకపోయేసరికి మాస్టారికి విసుగొచ్చి, "పోనీ, అదెలా ఉందో ఒకసారి చూసొద్దాం పదండి," అన్నారు. అలా కుదిరింది బాలి.

దీవి అంటే చుట్టూ నీళ్ళుంటాయని ఎవరికో హఠాత్తుగా గుర్తొచ్చి గుండె జారింది. అప్పుడు నేను తొడ చరిచి, "నేనుండగా మీకేటి భయం? శారదా నది వరదలో ఉన్నప్పుడు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకీ, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకీ ఈదీసినోణ్ణి," అన్నాను. (వరద కాదు, మోకాలి లోతు. ఈదింది నేను కాదు, అరటిబోదె. నేను దాన్ని వాటేసుకుని ఏడ్చాను.) ఆ మాట విని అందరూ ధైర్యం తెచ్చుకున్నారు. అబద్ధం చెప్పాక అక్కడితో ఊరుకోవాలి కదా, ఊరుకోకుండా ఇంకో రెండు నదులు కూడా కలిపాను.

రిహార్సల్స్ మాస్టారి పెరట్లో. టెంటు హౌసు కుర్చీలు వరసలుగా వేసి, మధ్యలో నడవ వదిలి, విమానం అన్నారు. నడుముకి పంచెలు, చీరలు బిగించి, బెల్టులన్నారు. విజిల్ వేస్తే ఎక్కాలి, రెండు విజిల్స్ వేస్తే బెల్టు కట్టాలి, మూడు వేస్తే దేవుణ్ణి తల్చుకోవాలి. మాడుగుల బస్సెక్కే అలవాటున్న వాళ్ళం కదా, మొదటి విజిల్‌కే తోసుకుంటూ పరిగెత్తాం. నేనైతే మెళ్ళో తువ్వాలు తీసి గురిచూసి విసిరి, కిటికీ పక్క కుర్చీని పట్టేశాను. మా బస్టాండులో తువ్వాలు పడిన సీటు జోలికి పోలీసు కూడా రాడు. మాస్టారు తల పట్టుకుని, "అది విమానమయ్యా, తువ్వాళ్ళు వెయ్యకూడదు," అన్నారు. "కిటికీ సీటు లేకపోతే నాకు గాలాడదు మాస్టారూ," అన్నాను. ఆ కిటికీ తెరుచుకోదని ఆయన చెబితే నమ్మలేదు కూడా. మొత్తానికి టిక్కెట్లలో కిటికీ పక్క సీటు నా పేర రాయించుకునేదాకా ఆయన్ని బతకనివ్వలేదు.

నవ్వులు సాగుతుండగా, నడవ పక్క కుర్చీలోంచి మా బామ్మర్ది అడిగాడు. "మాస్టారూ, అక్కడ సముద్రం లోతెంతుంటాది?"

మాస్టారి నోట్లో విజిల్ అలాగే ఉండిపోయింది.

వాడు మా ఆవిడ తమ్ముడు. బుచ్చయ్యపేట దగ్గర చెరుకు పండించుకునే రైతు. వాడికి ఒక్కడే కొడుకు. కాలేజీ స్నేహితులతో సముద్రం ఒడ్డుకి పిక్నిక్ వెళ్ళిన గుంటడు నవ్వుతూ వెళ్ళి, ఇంటికి చాపలో వచ్చాడు. ఆ తరవాత ఆ ఇంట్లో చేప వండలేదు. విశాఖ ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే సముద్రం కనబడని దారి ఏదని అడిగి మరీ వెళ్ళేవాడు. కిందటేడు వాడి భార్య కూడా పోయింది. అలాంటివాడు, చుట్టూ సముద్రం ఉన్న చోటికి, అందరికంటే ముందు పేరిచ్చాడు. అప్పుడు మేం సంతోషించాం. లోతు అడిగాక ఆ సంతోషం కాస్తా భయంగా మారింది.

ఆ సాయంత్రం మా ఆవిడ అన్నం వడ్డించలేదు. గుమ్మంలో కూర్చుని, "ఆడు గేదెని అమ్మీసేడు, తెలుసా?" అంది.

"పాలు తగ్గేయేమో."

"పొలం కౌలుకిచ్చీసేడు."

"ఒంట్లో ఓపిక లేదేమో."

"గుంటడి సమాదికి సున్నం ఏయించేడు. ఈస్టర్‌కి ఏయించే సున్నం ఇప్పుడెందుకు ఏయించేడు? సెప్పు."

ఆమె నా వైపు తిరిగింది. "ఆడు ఎనక్కి రాడానికి ఎల్తన్నట్టు లేదు. ఆణ్ణి ఈ చేతుల్తో పెంచేను. నువ్వు నదులు ఈదీసినోడివి కదా. ఆడు నీళ్ళల్లోకి దిగితే నువ్వూ దిగు. ఆణ్ణి తీసుకొస్తేనే ఇంటికి రా."

పెళ్ళయిన నాటి నుంచి నా ఏ కోతనీ నమ్మని మనిషి, నమ్మకూడని ఆ ఒక్కదాన్నీ నమ్మింది. ఆవిడ మొహం చూశాక అది అబద్ధమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. నేర్చుకోవడం.

మాడుగుల హల్వా తెస్తానని చెప్పి, రావికమతం వైపు తెలిసినవాళ్ళ పొలంలో ఉన్న నూతికి వెళ్ళాను. మా వైపు పిల్లలు ఈత నేర్చుకునేది ఇలాంటి నూతుల్లోనే. వీపుకి ఖాళీ డబ్బాలు కట్టి, నడుముకి తాడు వేసి, గట్టు మీద మేనమామ ఎవరో ఆ తాడు పట్టుకుంటాడు. నాకు డబ్బాలున్నాయి. మేనమామలందరూ ఎప్పుడో పరలోకానికి వెళ్ళిపోయారు. తాడు మోటారు పైపుకి కట్టి, రెండు నూనె డబ్బాలు తువ్వాలుతో వీపుకి బిగించి, మెట్ల మీదుగా సింహంలా దిగాను. (సింహాలు మెట్ల మీద కూర్చుని కూర్చుని జారవు. నేను జారాను.) నీళ్ళు గుండె దాకా వచ్చేసరికి ఒక కాలు తేల్చి చూశాను. రెండో కాలు నన్నడక్కుండా తేలింది. అంతే. తువ్వాలు ముడి ఊడింది, మోటారు పైపుకి కట్టిన ముడీ ఊడింది. డబ్బాలు రెండూ నాకంటే ముందు ఈత నేర్చుకుని హాయిగా అవతలి గట్టుకి వెళ్ళిపోయాయి. నేను కిందికి వెళుతున్నాను. ఆకుపచ్చటి చీకటి. చెవుల్లో హోరు. ఆ ఒక్క క్షణంలో నాకు గుర్తొచ్చింది దేవుడు కాదు, మా ఆవిడ కాదు. ఆ గుంటడు. వాడు కూడా ఇదే చూశాడా అనిపించింది. ఇందులో మాత్రం పిసరంత కూడా కలపలేదు.

ఎవరో జుట్టు పట్టి లాగారు. ఉన్న నాలుగు వెంట్రుకలూ ఆ రోజు రుణం తీర్చుకున్నాయి. మెట్ల మీద బోర్లా పడి నీళ్ళు కక్కుతుంటే, చొక్కాతో సహా తడిసి ముద్దయి పక్కన కూర్చుని రొప్పుతున్నాడు మా బామ్మర్ది. హల్వాకి వెళ్ళేవాడు ఖాళీ డబ్బాలు ఎందుకు పట్టుకెళ్ళాడని మా ఆవిడకి అనుమానమొచ్చి, తమ్ముడికి ఫోన్ చేసిందట. వాడు మోపెడ్ మీద, డబ్బాల ముసలాయన ఎటెళ్ళాడని దారిలో ఆటోవాళ్ళని అడుగుతూ వచ్చాడు.

"ఏటి బావా ఇది? ఈ వయసులో ఏటీ సర్కస్?"

"నీకోసమేరా," అన్నాను దగ్గుతూ. "నువ్వక్కడ మునిగిపోతే తియ్యాల కదా."

"నువ్వు నన్ను తీస్తావా?" వాడు నన్నూ, అవతల తేలుతున్న డబ్బాల్నీ మార్చి మార్చి చూసి నవ్వడం మొదలెట్టాడు. ఎన్నో ఏళ్ళకి విన్నాను ఆ నవ్వు. అది మధ్యలో ఎక్కడ ఏడుపైందో నాకు తెలియలేదు.

"నిజం సెప్పరా. సావడానికే గదా వస్తన్నావు?"

"సావాలంటే అంత దూరం టిక్కెట్టెందుకు బావా? ఈ నుయ్యి సాలదేటి?"

"మరి గేదె? పొలం?"

"నేనూర్లో లేకపోతే సెరుక్కి నీళ్ళెవులెడతారు? గేదెకి గడ్డెవులేస్తారు? నువ్వేస్తావా?"

"సమాదికి సున్నం?"

"ఆడికి సెప్పకండా ఊరెల్తానేటి?" అన్నాడు, అదేదో నాకు తెలియని సంగతి కానట్టు.

నీళ్ళకేసి తిరిగాడు. "నాకు సిన్నప్పట్నుంచీ ఈతొచ్చు బావా. ఆడికే నేర్పలేదు. ఈ కోత అయ్యాక, ఆ నాట్లయ్యాక అనీసి..." చొక్కా కొస పిండుకున్నాడు. తరవాత అన్నాడు, "ఆ రోజు ఒడ్డు మీద నిలబడి సూస్తే సముద్రానికి అంతు నేదు. అప్పట్నుంచీ కళ్ళు మూస్తే అదే, అంతా అదే. ఇమానంలోంచి సూస్తే సిన్నగా అవుపడతాదంట కదా. ఒక్కపాలి దాన్ని మన సెరుకు మడంత సిన్నగా సూడాల. మాస్టార్ని ఆ సముద్రమూ మన సముద్రమూ ఒకటేనా అని అడగబోయేను. నోరు రాక లోతడిగేను."

ఇంటికి వచ్చాక మా ఆవిడ నన్నేమీ అనలేదు. తడిసిన నా తువ్వాలు పిండి ఆరేసి, వాడికి అన్నం పెట్టింది. హల్వా ఏదని మాత్రం అడిగింది.

విమానం ఎక్కిన రోజు విజిల్ మాస్టారి విజిల్‌ని తనిఖీ వాళ్ళు తీయించారు. అందుకని ఎవరం ఎప్పుడు ఎక్కాలో తెలియక క్రమశిక్షణగా ఎక్కాం. నేను ముందు నడిచి, నా పేర ఉన్న కిటికీ సీటు మీద తువ్వాలు పరిచాను. విమానం అమ్మాయి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, ఇది ఎవరిదని అడిగింది. వెనకాల మా బామ్మర్ది నడవలో నిలబడి ఉన్నాడు. "ఆ అబ్బాయిదమ్మా," అన్నాను. అరవై దాటిన ఆ అబ్బాయి నా వైపు చూశాడు. "కూకోరా. నాకు గాలి సరిపోతాది," అన్నాను.

నేల వెళ్ళిపోయి నీలం వచ్చింది. వాడు అద్దానికి నుదురు ఆనించాడు. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు. ఉండబట్టలేక, "ఎలాగుందిరా?" అన్నాను.

"సిన్నగానే ఉంది బావా," అన్నాడు. తరవాత నా తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

తిరిగొచ్చాక, కిటికీలోంచి ఏం చూశావని అడిగిన ప్రతివాడికీ, రెక్క కింద తిమింగలాలు గుంపులుగా వచ్చాయనీ, అందులో ఒకటి తోకెత్తి నాకు సలామ్ కొట్టిందనీ చెప్పాను. ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను, సలామ్ కొట్టే తిమింగలాల సంఖ్య కూడా పెరుగుతోంది. అరవై ఎనిమిదేళ్ళ ఆ కుర్రాడు, ఈత రాకుండానే ఒకణ్ణి కాపాడ్డానికి బయలుదేరిన ఆ వెధవ, ఆ ప్రయాణమంతా నిజానికి చూసింది ఒక రైతు మెడ. ఎండకి కమిలి నల్లబడిన మెడ. అంత బాగా మళ్ళీ ఏదీ చూసినట్టు నాకు జ్ఞాపకం లేదు.