డ్రోన్ రెక్కల మీద గోళ్ళరంగు

రండి, గోడకి ఆనుకున్నోళ్ళు ఇంకొంచెం ముందుకు జరగండి. సంచులు పక్కన పెట్టి కూర్చోండి. ఇవాళ ఎక్కాలు లేవు. పోయిన శనివారం మీ సారు చేసిన ఘనకార్యం చెప్తాను. ఇంకాస్తయితే ఒక డ్రోన్ రెక్క ఊడి, గిర్రున తిరుగుతూ పోయి చెంచయ్య తాత తలగుడ్డ మీద పడేది. పడలేదు. ఎందుకు పడలేదో అదే చెప్పబోతున్నాను. నవ్వొచ్చినచోట నవ్వండి, నేనేమీ అనుకోను.

చర్చి వెనకింటి రిబ్కా అక్క పొలాలకు మందు కొట్టే డ్రోన్ నడపడం నేర్చుకొని వచ్చింది కదా. ఊళ్ళో సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది "చూద్దాంలే" అన్నారు. శనివారం ఆమెకు మొదటి పని. చెంచయ్య తాత వరికయ్యల్లో సుడిదోమ పడింది. అక్కడ బాగా జరిగితే చుట్టుపక్కల రైతులంతా ఆమెను పిలుస్తారు. జరక్కపోతే ఆ మిషను ఇంట్లో ఒక మూల గుడ్డ కప్పుకొని కూర్చోవాల్సిందే. ఆ సంగతి ఆమెకూ తెలుసు, కయ్య గట్టున గెనిమ మీద వరసగా నిలబడి చూస్తున్న రైతులకూ తెలుసు.

పాస్టరు గారు బోగోలులో పెళ్ళికి పోయినారు. అందుకని, "సార్, మీరొచ్చి ప్రార్థన చేయండి" అని నన్ను పిలిచింది. నా దగ్గర అయిదో తరగతి చదివిన పిల్ల! ఇస్త్రీ చొక్కా వేసుకొని ఏడింటికల్లా పోయినాను.

మిషను గెనిమ పక్కన పట్ట మీద ఉంది. నాలుగు చేతులు. ఒక్కో చేతి చివర ఒక మోటారు, మోటారు మీద రెక్క, రెక్కను పట్టుకొని రెండేసి బోల్టులు. రిబ్కా అంది: "సార్, కరెంటు తీగలు ఎక్కడెక్కడున్నాయో కయ్య చుట్టూ నడిచి చూసొస్తా. దీన్ని చూస్తా ఉండండి."

చూస్తా ఉండమంది. చేయి పెట్టమనలేదు. ఆ తేడా నాకు తర్వాత తెలిసింది.

చూస్తున్నాను. చూస్తే ఏముంది, ప్రతి బోల్టు మీదా ఎర్రటి గోళ్ళరంగు! సోమవారం సోమవారం మీ గోళ్ళు చూసే మనిషిని కదా, నా కళ్ళకు అదే ముందు కనపడింది. వాళ్ళింట్లో చిన్నపిల్ల ఎవరో ఆడుకుంటూ పూసిందనుకున్నాను. ప్రార్థనకు పెట్టిన కొత్త మిషను, ఇట్లా ఉంటే ఏం బాగుంటుంది? బొటనవేలి గోరుతో గీకడం మొదలుపెట్టినాను. ఏడు బోల్టుల మీద రంగు శుభ్రంగా వచ్చేసింది. ఒకదాని కింద మాత్రం రంగు సందులోకి దిగి ఉంది. పక్కనే ఆమె సామాను పెట్టె తెరిచి ఉంది. అందులో బోల్టులు తిప్పే, ఎల్ ఆకారంలో వంగిన ఇనప తాళం ఉంటే తీసి, ఆ బోల్టు కాస్త వదులు చేసి, రుమాలుతో తుడిచి, మళ్ళీ వేళ్ళతో బిగించినాను. గట్టిగానే బిగించాననుకున్నాను.

రిబ్కా వచ్చింది. ప్రార్థన చేసినాను. కొంచెం పొడుగ్గానే చేసినానని తర్వాత చెప్పారు.

ఆమె మొదటి రెక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చొని చూసింది. రెండోదీ చూసింది. లేచి నా వైపు తిరిగింది.

"సార్, ఇక్కడికి ఎవురన్నా వచ్చినారా?"

"ఎవరూ రాలేదే" అన్నాను. అబద్ధం కాదు. నేను ముందునించీ అక్కడే ఉన్నాను.

"సార్, ఒకసారి మీ చేతులు చూపించండి."

మీరు నా ముందు ఎట్లా చాపుతారో అట్లాగే చాపినాను. కుడి బొటనవేలి గోటిలో ఎర్రగా ఇరుక్కోనుంది.

"ఏంది అయ్యోరా, ఈ వయసులో మీరు కూడా మొదలుపెట్టినారా?" అన్నాడు చెంచయ్య తాత. గెనిమ మీద అందరూ నవ్వారు. రిబ్కా నవ్వలేదు.

"బోల్టు బిగించినాక దాని తల మీదనించి కిందిదాకా ఈ గోళ్ళరంగుతో ఒక గీత గీస్తా సార్. బోల్టు వెంట్రుకంత తిరిగినా గీత రెండు ముక్కలవతాది, చూస్తానే తెలిసిపోతాది. రెక్క తిరిగే అదురుకి ఎంత గట్టి బోల్టయినా మెల్లగా వదులవతాది." ఇంతే చెప్పి తాళం చేతిలోకి తీసుకుంది.

"రాత్రి బిగించినావు గదా అమ్మణ్ణీ, లేపు" అన్నాడు తాత.

"గీత లేకుండా లేపను మామా."

"సముద్రపు గాలి మొదలైతే మందంతా ఎగిరిపోతాది, ఇంక ఈ పొద్దుకి కొట్టేది లేదు."

"రేపు కొడతా."

"రేపు ఆదివారం, నువ్వు చర్చికి పోతావు."

"సోమవారం కొడతా."

"నీ గోళ్ళరంగు ఆరేదాకా మా సుడిదోమ ఆగుతాదా?"

ఆమె మాట్లాడతానే ఉంది, చేతులు ఆగలేదు. మొదటి బోల్టు, రెండోది, మూడోది. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ప్రతిదానికీ గెనిమ మీదనించి ఒక మాట. "ఆ, ఇదీ బాగానే ఉండాది. ఇంక లేపు." ఏడో బోల్టుకి తాళం పెట్టింది. తాళం సర్రున తిరిగింది. ఇంచుమించు ఒక చుట్టు.

రిబ్కా నన్ను చూసింది. నేను వరి వైపు చూసినాను.

"అదీ నేనే" అన్నాను చివరికి.

ఎవరూ చెప్పకుండానే చెంచయ్య తాత రెండడుగులు వెనక్కి వేసినాడు.

రిబ్కా మళ్ళీ మిషను మీదికి వంగింది. ఎనిమిదీ బిగించింది, పెట్టెలోనించి చిన్న సీసా తీసి ఎనిమిది గీతలు గీసింది. ఆరాలి కదా. అప్పుడు చూడాలి, తాత తలగుడ్డ విప్పి ఒక్కో రెక్క ముందర వంగి మెల్లగా విసరడం మొదలుపెట్టినాడు. "ఆరిందా అమ్మణ్ణీ? ఇంకొంచెం విసరనా?"

గాలి లేవకముందే మిషను లేచింది. కింద వరి తల వంచుతుంటే గీత గీసినట్టు పోయింది, వచ్చింది. దిగినాక రిబ్కా మళ్ళీ ఎనిమిది గీతలూ చూసింది. తాత కూడా వంగి, వేలు పెట్టకుండా, ఒక్కొక్కటే చూసుకున్నాడు.

"మా తమ్ముడి కయ్యలకు ఎప్పుడొస్తావు?" అన్నాడు. వెనకనించి ఇంకో ఇద్దరు అదే అడిగారు.

పిల్లలూ, జాగ్రత్తగా ఉండండని నేను మీకు రోజూ చెప్తాను. చెప్పడం సులువు. అంతమంది తొందరపెడుతుంటే, తన మొదటి పని చెయ్యి జారిపోతుందని తెలిసి కూడా, మొదటి బోల్టు దగ్గర్నించి మళ్ళీ మొదలుపెట్టడం నేను రిబ్కా దగ్గరే చూసినాను. ఆమెకు చదువు చెప్పింది నేనేనని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. ఇకమీద కొంచెం తగ్గించి చెప్పుకుంటాను.

నిన్న తాత తమ్ముడి కయ్యలకు కూడా నన్నే ప్రార్థనకు పిలిచింది. ఎంత సంతోషపడ్డానో. తీరా పోతే, దూరంగా బోరు షెడ్డు దగ్గర నిలబెట్టింది.

"ఇంత దూరం నించా అమ్మా?"

"దేవుడికి వినపడతాది సార్."

అంతటితో ఆగలేదు. నాకు తోడుగా చెంచయ్య తాతను పక్కన నిలబెట్టింది. ప్రార్థన అయ్యి మిషను పైకి లేచేదాకా ఆయన నా రెండు చేతులూ వదిలితే ఒట్టు.

చాలు, నవ్వింది చాలు. లేవండి. ఎవరింట్లోనో చేపల పులుసు ఉడుకుతోంది, వాసన ఇక్కడిదాకా వస్తోంది. పొండి, వేడివేడిగా అన్నం తినండి.