పేరొక్కటే మార్చారు

ఆ వీధిలో ఇస్త్రీ కొట్టు అక్కకి సొంత ఒట్టు ఒకటుంది. "అబద్ధమైతే నా పెట్టె చల్లారిపోను!" చొక్కా సాయంత్రానికి ఇస్తానన్నా అదే, నిన్న వాన దంచికొట్టిందన్నా అదే. మనిషి మంచిదే గానీ నోటికి తాళం లేదు. అయినా ఒక్క సంగతి మాత్రం ఆ నోరు దాటి రాలేదు. పెళ్ళికి ముందు ఆమె చెల్లెలికి ఒక పిల్లాడు పుట్టాడు. వాణ్ణి పిల్లలు లేని వాళ్ళెవరికో ఇచ్చేశారు. తల్లి పోయాక అది తెలిసినవాళ్ళు ఆ అక్కాచెల్లెళ్ళే. చెల్లెలి మొగుడికి తెలియదు.

పోయిన ఏడు విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. పని చేసుకు బతికే ఆడవాళ్ళ గురించి పుస్తకం రాస్తుందట. పిల్ల బంగారం. బట్టలు మడతపెట్టడంలో సాయం చేస్తూ రోజుల తరబడి విన్నది. "మీ పేరు ఎక్కడా రాయను. ఇష్టం లేనిది చెప్పొద్దు," అని పదేపదే చెప్పింది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగిన రోజున అక్క పెట్టె పక్కన పెట్టి భోరుమంది. చెల్లెల్ని దాచి పురుడు పోయించడం, ఆ గొడవలో తనకు కుదిరిన సంబంధం తప్పిపోవడం అంతా చెప్పేసింది. అన్నేళ్ళలో ఆ మాట అడిగిన దిక్కే లేదు మరి! గుండె బరువు దిగిందనుకుంది పిచ్చిది.

పుస్తకం అచ్చు కాకముందే, ఎవరి మాటలు రాశారో వాళ్ళకి చదివి వినిపించడం పద్ధతట. మంచి పద్ధతే. వీధి చివరి హాల్లో కుర్చీలు వేశారు. చెల్లెలూ మరిదీ వచ్చి అక్క పక్కనే కూర్చున్నారు. పేరుండదుగా అని అక్క ధీమాగానే ఉంది. పరిశోధకురాలు అక్క పేరు మార్చింది, వీధి మార్చింది, వయసు మార్చింది. చదువుతూ చదువుతూ, "అబద్ధమైతే నా పెట్టె చల్లారిపోను..." అనగానే హాలంతా గొల్లుమంది.

"మన అక్కే!" అని వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు.

నవ్వులు ఆగకముందే మిగతా వాక్యం వచ్చేసింది. "...మా చెల్లి ఆ బిడ్డని ఇచ్చేసి వచ్చాక నెలల తరబడి మాట్లాడలేదు."

మరిది భార్య వైపు ఒకసారి చూశాడు. లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పరిశోధకురాలు ఏడుపు మొహంతో కొట్టుకి వచ్చింది. "అన్నీ మార్చానండీ. ఆ ఒట్టు తీసేస్తే మీరే లేనట్టనిపించింది. అందుకే ఉంచేశాను. ఇప్పుడు మీ కథంతా తీసేస్తాను."

"పుస్తకంలోంచి తీస్తావు తల్లీ. మా మరిది చెవుల్లోంచి ఎలా తీస్తావు?" అంది అక్క. చేతిలో చొక్కా మడతపెట్టి ఆమే మళ్ళీ, "నిన్నొక్కదాన్నే అనడం దేనికిలే. నువ్వు నన్నడిగావు. నేను మా చెల్లిని అడగలేదు," అంది.

చెల్లెలు చాలా రోజులకు వచ్చింది. తిడుతుందనుకుంది అక్క. తిట్టినా బాగుండేది.

"ఆయన పొమ్మనలేదు. పలకడం లేదు, అంతే," అంది చెల్లెలు. "నా ఏడుపు దానికి కాదే అక్కా. వాడు ఎంత పొడుగయ్యాడో, ఎవరి పోలికో అని ఇక్కడ కూర్చుని మనిద్దరం అనుకునేవాళ్ళం. ఇక ఎవరితో అనుకోను?"

"నాతోనే అనుకోవే," అంది అక్క.

"నీ దగ్గర వాడి మాటెత్తడానికి నోరు రావట్లేదు."

చెల్లెలు ఇస్త్రీకిచ్చిన బట్టలు, అయినవీ కానివీ కలిపి మూటకట్టుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్లాణ్ణి ఇప్పుడు అక్కాచెల్లెళ్ళు ఎవరికి వారే తలుచుకుంటున్నారు.